పులిరాజా భార్యను ఎవరూ అడగలేదు

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాస్తాము. అవన్నీ వెనక పేజీల్లో ఉన్నాయి. ఈ నాలుగు పేజీలు మాత్రం వేరే లెక్క కోసం పెట్టుకున్నాము. మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోకి హెచ్ఐవి ఎట్లా వచ్చింది, ఆలుమగల మధ్య ఏ మాటను మాట్లాడనీయకుండా చేసింది, మన సంఘాలు అందులో ఏం చేసినాయి, ఏం చేయలేకపోయినాయి అన్న చరిత్ర ఇది. కొంచెం సిగ్గుపడే మాటలు వస్తాయి. సిగ్గు వల్ల పోయిన ప్రాణాలను చూసినాము కాబట్టే రాస్తున్నాము. చదువు రాని అక్కలకు మీటింగులో ఎవరైనా ఒకరు చదివి వినిపించండి.

ఆ బోర్డు గుర్తుందా?

నలభై ఏళ్లు దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట మన రాష్ట్రంలో రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు లేచినాయి. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ప్రశ్న. జవాబు వెంటనే చెప్పలేదు. బడికి పోయే పిల్లలు దాన్ని ఆటమాటగా పట్టుకున్నారు. మగవాళ్లు హోటళ్ల దగ్గర టీ తాగుతా నవ్వుకున్నారు. ఎవరీ పులిరాజా అని ఊరంతా అడిగింది.

ఆ ప్రచారం మంచి పనే చేసింది. అంతవరకు చెవిలో చెప్పుకునే మాట అందరి నోట్లోకి వచ్చింది. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి తోస్తుంది. పులిరాజా ఎక్కడికి పోయినా చివరికి ఇంటికే వస్తాడు కదా. ఇంట్లో ఆయన భార్య ఉంటుంది కదా. "పులిరాజా భార్యకు వస్తుందా?" అని ఏ బోర్డూ అడగలేదు. మేమూ అడగలేదు.

మద్రాసు నుంచి మన రోడ్డు దాకా

మన దేశంలో హెచ్ఐవిని మొదట కనుక్కున్నది 1986లో, మద్రాసులో. మద్రాసు మెడికల్ కాలేజీలో పనిచేసే డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె దగ్గర చదువుకునే సెల్లప్పన్ నిర్మల కలిసి ఆ పని చేసినారు. సెక్స్ వర్కర్ల రక్తం తీసుకుని పరీక్షకు వేలూరు ఆసుపత్రికి పంపితే అందులో హెచ్ఐవి బయటపడింది. కనుక్కున్నది ఇద్దరు ఆడవాళ్లు అన్నది మనం గర్వపడాల్సిన సంగతే. కానీ అది మొదట సెక్స్ వర్కర్లలో కనిపించింది కాబట్టి, ఆ రోజు నుంచి "అది అట్లాంటి ఆడవాళ్ల జబ్బు" అన్న ముద్ర పడిపోయింది. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ ముద్ర పూర్తిగా చెరగలేదు.

1992లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను పెట్టింది. దాన్నే నాకో అంటారు. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మీదికి పోయినారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మన పొదుపు సంఘాల వేళ్లు ఆ ఉద్యమంలోనే ఉన్నాయి. అంతవరకు మొగుడు తాగి కొట్టడం "ఇంటి గుట్టు". దాన్ని వీధిలోకి తెచ్చి, ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు, ఊరి బాధ అని చెప్పింది ఆడవాళ్లే. ఒకే ఏడాదిలో రెండు పనులు మొదలైనాయి. కానీ రెండూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

మన రోడ్డునే చూడండి. కర్నూలు నుంచి ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, సిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడపకు పోయే రోడ్డు. ఒకప్పుడు దాన్ని 18వ నెంబరు జాతీయ రహదారి అనేవాళ్లు, ఇప్పుడు 40వ నెంబరు. 1990ల చివర్లో ఐక్యరాజ్యసమితి సాయంతో పేదరిక నిర్మూలన పథకం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచింది. ఓర్వకల్లు మహిళలు దేశానికే దారి చూపించింది అప్పుడే. 2000లో వెలుగు వచ్చింది. పొదుపు ఈ రోడ్డు వెంబడే ఊరూరికీ పోయింది. అదే రోడ్డు మీద బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి, బియ్యం, పత్తి వేసుకుని లారీలు పోయినాయి. డ్రైవర్లు, క్లీనర్లు, కూలి కోసం దూరం పోయినవాళ్లు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉన్నారు. వాళ్లను దోషులుగా నిలబెట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఇంటికి దూరంగా, అలసటతో, తాగుడుతో, తోడు లేక బతికే బతుకులో ప్రమాదం ఎక్కువ అని చెప్పడానికి రాస్తున్నాము.

1998లో రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ ఏర్పడింది. 2003 నుంచి గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవాహన్ అనే పెద్ద కార్యక్రమం మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో నడిచింది. సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, పురుషులతో సంబంధాలున్న పురుషులు, వీళ్ల దగ్గరికి కండోమ్‌లు, సుఖవ్యాధుల వైద్యం తీసుకుపోయినారు. సెక్స్ వర్కర్లు సొంతంగా సంఘాలు పెట్టుకున్నారు. "కండోమ్ లేకపోతే రాను" అని చెప్పగలిగే ధైర్యం వాళ్లలో చాలామందికి వచ్చింది. ఇది నిజంగా గొప్ప సంగతి. కానీ పెళ్లయిన మన ఆడవాళ్లలో ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఎంతమంది?

ఆపరేషన్ అయిపోయినాక అదెందుకు?

2005–06లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తపరీక్షలు కూడా చేసినారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో 0.97 శాతం మందికి హెచ్ఐవి ఉందని తేలింది. అంటే వెయ్యి మందికి దాదాపు 10 మంది. దేశం మొత్తం మీద చూస్తే వెయ్యికి ముగ్గురే. తర్వాత కొత్తగా సోకేవాళ్లు చాలా తగ్గినారు. అయినా ఇప్పటికీ మన రాష్ట్రంలో లెక్క దేశ సగటుకు దాదాపు మూడు రెట్లు ఉంది.

మన పక్క అనంతపురంలో బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రికి వచ్చిన హెచ్ఐవి ఉన్నవాళ్ల వివరాలను అక్కడి డాక్టర్లు చాలా ఏళ్లు నమోదు చేసినారు. మగవాళ్లకంటే ఆడవాళ్లు చిన్న వయసులోనే వచ్చినారు. వాళ్లలో భర్త చనిపోయినవాళ్లు ఎక్కువ. చదువు తక్కువ. రాయలసీమ పల్లెల్లో ఈ జబ్బు ముఖం ఏదో ఆ లెక్కే చెప్తుంది. అది బోర్డు మీది పులిరాజా ముఖం కాదు. పాతిక, ముప్పై ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, చంకన బిడ్డతో ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆడమనిషి ముఖం.

ఎందుకిట్లా అయింది? ఒక కారణం మన అందరికీ తెలిసిందే, కానీ ఎప్పుడూ ఇటువైపు నుంచి ఆలోచించలేదు. అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పది మందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలామందికి పాతికేళ్లలోపే అయిపోతుంది. కుటుంబ నియంత్రణకు కండోమ్ వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. ప్రభుత్వం 1968లో నిరోధ్ తెచ్చింది పిల్లలు పుట్టకుండా ఉండటానికి. మన మనసుల్లో అది అట్లాగే ఉండిపోయింది. పిల్లలు చాలని ఆపరేషన్ అయిపోయినాక ఇంక దాని పేరెత్తితే రెండే అర్థాలు. ఆయన మీద అనుమానం, లేదా ఈమె మీద అనుమానం. ఒక గ్రామ సంఘం మీటింగులో ఒక అక్క చెప్పింది: "నోరు తెరిచి అడిగితినమ్మా. ఆపరేషన్ చేయించుకున్నదానికి అదెందుకే, ఎవడితోనన్నా తిరుగుతున్నావా అనె. ఇంక జన్మలో అడగలా."

ఇంకొక అన్యాయం ఉంది. కడుపుతో ఉన్నవాళ్లందరికీ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తారు. అది బిడ్డను కాపాడే పరీక్ష, తప్పకుండా చేయించుకోవాల్సిందే. కానీ మగవాళ్లకు అట్లా పరీక్ష చేసే సందర్భమే రాదు. కాబట్టి ఇంట్లో మొదట బయటపడేది ఆమె పేరే. ముందు ఎవరికి తెలిసిందో వాళ్లే తెచ్చినారని అంటారు. "కోడలు తెచ్చింది" అన్న మాట అట్లా పుట్టింది. పరీక్ష ముందు చేయించుకున్నందుకు పడిన శిక్ష అది.

"కాపురం మానుకోండి" అన్న కాలం

హెచ్ఐవి ఉందని తెలిసినాక మనిషి బతుకు ఆగిపోదు. ఆకలి ఉంటుంది, కోపం ఉంటుంది, కోరిక ఉంటుంది, బిడ్డ కావాలన్న ఆశ ఉంటుంది. ఈ నిజాన్ని ఒప్పుకోవడానికి అందరికీ చాలా ఏళ్లు పట్టింది. మందు లేని రోజుల్లో చాలామందికి దొరికిన సలహా ఒక్కటే: ఇంక అవన్నీ మానుకోండి.

కోర్టులు కూడా తడబడినాయి. 1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో హెచ్ఐవి ఉన్నవాళ్ల పెళ్లి హక్కును పక్కన పెట్టింది. దాని మీద మళ్లీ వాదనలు జరిగినాయి. 2002 డిసెంబరులో, పెళ్లి హక్కు గురించి ఆ కేసులో అంత మాట అనాల్సిన అవసరం లేదని కోర్టే చెప్పింది. ఆ నాలుగేళ్లు, దేశంలో హెచ్ఐవి ఉన్న మనిషి పెళ్లి చేసుకోవచ్చా లేదా అన్నదే తేలకుండా ఉండింది.

మానుకోండి అంటే మనుషులు మానుకోలేదు, దాచుకున్నారు. మా అనుభవంలో ప్రమాదం అక్కడే పెరిగింది. భార్యకు చెప్పని భర్త కండోమ్ వాడడు, ఎందుకంటే వాడితే ఎందుకని అడుగుతుంది. అత్తింట్లో చెప్పని కోడలు ఒక్క బిడ్డన్నా కావాలని ఒత్తిడి వస్తే కాదనలేదు. తాగినప్పుడు ఒట్టు గుర్తుండదు. ఇద్దరికీ ఉంది కదా, ఇంక భయమేమి అనుకునే దంపతులూ ఉన్నారు. అది కూడా సరికాదు. మందుకు లొంగని రకం వైరస్ ఒకరి నుంచి ఒకరికి పోవచ్చు, వేరే సుఖవ్యాధులూ రావచ్చు.

భర్త పోయిన చిన్న వయసు ఆడవాళ్ల సంగతి అందరికంటే కష్టం. ముప్పై ఏళ్లు నిండలేదు. ఆమెకు మనసు ఉండదా, శరీరం ఉండదా? ఎవరితోనన్నా స్నేహం కలిస్తే మనమే ముందు నోరు పారేసుకుంటాము. దొంగతనంగా కలవాల్సి వచ్చినప్పుడు కండోమ్ అడిగే తీరిక ఉండదు, తన సంగతి చెప్పే ధైర్యమూ ఉండదు. చెప్తే ఉన్న ఆ ఒక్క తోడూ పోతుంది. ఆమెను మనం "చెడ్డది" అన్న ప్రతిసారీ ఆ ప్రమాదాన్ని ఇంకొంచెం పెంచినట్టే. ఈ మాట రాయడానికి మాకు చాలా రోజులు పట్టింది. ఆ నోళ్లలో మా నోళ్లూ ఉన్నాయి కాబట్టి.

జరిమానా రసీదు

మా సభ్యుల్లో ఒకామె గురించి చెప్తాము. ఊరు, పేరు రాయము. గుర్తుపట్టకుండా కొన్ని సంగతులు మార్చినాము. ఆమెను అడిగే రాస్తున్నాము.

ఆమె భర్త లారీ నడిపేవాడు. రెండో కాన్పుకు పరీక్ష చేయించుకుంటే హెచ్ఐవి ఉందని తేలింది. భర్త పరీక్షకు ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. అప్పటికే చిక్కిపోయి ఉన్నాడు. బతకలేదు. ఆమె మందు మొదలుపెట్టింది. నెలకోసారి మందుల కోసం పోవాలి. పోయే రోజు, మన సంఘం మీటింగు రోజు ఒకటే అయ్యేది. మూడు మీటింగులకు రాలేదని మేము పది పది రూపాయలు జరిమానా వేసినాము. నాలుగోసారి లీడరు అందరి ముందూ అడిగింది, "నెలనెలా నీకు బయట ఏం పనే?" అని. మేనత్త ఇంటికి అని చెప్పింది. ఎవరో నవ్వినారు. ఆ తర్వాత నెల నుంచి ఆమె సంఘం మానేసింది.

తర్వాత తెలిసింది, దగ్గర్లో మందు దొరుకుతున్నా ఆమె ఇంకో ఊరికి పోయేదని. దగ్గరికి పోతే మన సంఘం ఆడవాళ్లు ఎవరన్నా చూస్తారని భయం. రెండు బస్సులు మారి, ఒక రోజు కూలి పోగొట్టుకుని పోయింది. కొన్ని నెలలు పోలేక మందు ఆపేసింది కూడా. మందు ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది. అప్పుడు ఆమెకు ఏమైనా అయి ఉంటే దానికి మనం వేసిన జరిమానా కూడా ఒక కారణం అయ్యేది.

ఆమె తిరిగి వచ్చింది. మా లీడర్లలో ఒక అక్కకు ఒక్కదానికే చెప్పుకుంది. ఆ అక్క ఎవరికీ చెప్పలేదు. అదే మన సంఘం చేసిన మొదటి మంచి పని. ఆ మూడు జరిమానా రసీదులు ఇప్పటికీ మా పుస్తకాల్లో ఉన్నాయి. చింపేద్దామా అంటే, ఉండనీ, మనకు బుద్ధి వస్తుంది అని ఆమే అన్నది.

మందు ఏం మార్చింది?

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్ఐవి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట దేశం మొత్తం మీద 8 ఆసుపత్రుల్లోనే. రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గినవాళ్లకే, అంటే బాగా జబ్బు పడినాకే మందు. తర్వాత ఆ గీత 350కి పెరిగింది, ఆపైన 500కి. 2017 ఏప్రిల్ నుంచి గీతే తీసేసినారు. హెచ్ఐవి ఉందని తేలితే చాలు, వెంటనే మందు. ఏఆర్‌టీ సెంటర్లు కూడా కర్నూలు, నంద్యాల లాంటి ఊళ్లకు వచ్చినాయి. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది.

ఇక్కడ మనం అందరం తెలుసుకోవాల్సిన పెద్ద సంగతి ఒకటి ఉంది. 2011లో 9 దేశాల్లో 1,763 జంటల మీద జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. మన పుణె, చెన్నై కూడా అందులో ఉన్నాయి. ఒకరికి హెచ్ఐవి ఉండి, ఇంకొకరికి లేని జంటలు వాళ్లు. ఉన్నవాళ్లు ముందుగానే మందు మొదలుపెడితే రెండోవాళ్లకు సోకడం 96 శాతం తగ్గింది. 2016లో ఐరోపాలో 888 జంటల మీద ఇంకో పరిశోధన ఫలితం వచ్చింది. మందుతో వైరస్ అణిగిపోయినవాళ్ల నుంచి, కండోమ్ లేకపోయినా, తోడుకు ఒక్కరికీ సోకలేదు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే కలయిక వల్ల అది ఇంకొకరికి సోకదని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది.

దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. మాత్ర వేసుకుంటున్నాను అంటే సరిపోదు. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదని తేలాలి. 2018 నుంచి ఈ పరీక్షను మందు వాడే అందరికీ ఉచితంగా చేస్తున్నారు. మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. రోజూ మాత్ర తప్పకుండా వేసుకోవాలి. నెలల తరబడి ఆపితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వేరే సుఖవ్యాధులు ఈ మాత్రతో ఆగవు, వాటికి కండోమే అడ్డు. కాబట్టి మాత్ర, కండోమ్ రెండూ తోడు. ఒకటి ఉంటే ఇంకొకటి వద్దని కాదు.

బిడ్డల సంగతి కూడా అంతే. ఏమీ చేయకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవి పోయే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లి మందు వాడితే, బిడ్డకు పుట్టగానే మందు పడితే 5 కంటే కిందికి దిగుతుంది. 2014 నుంచి మన దేశంలో హెచ్ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందు ఇస్తున్నారు. మనం ఇందాక చెప్పిన ఆమె రెండో బిడ్డకు ఆరు వారాలకు, మళ్లీ 18 నెలలకు పరీక్ష చేసినారు. హెచ్ఐవి లేదు. ఈ ఏడు ఆ పాప ఇంటర్ చదువుతోంది.

హక్కు కూడా ఉంది

2017లో హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. పరీక్ష ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. ఇంట్లోని 18 ఏళ్లలోపు పిల్లలను ఉమ్మడి ఇంటి నుంచి గెంటేయకూడదు. హెచ్ఐవి ఉన్న మనిషికి కూడా బాధ్యత పెట్టింది ఈ చట్టం. సంగతి తెలిసి, సలహా తీసుకున్నాక ఇంకొకరికి సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి.

ఇందులో ఆడవాళ్ల కోసం ఒక మంచి మాట ఉంది. జీవిత భాగస్వామికి ప్రమాదం ఉందని అనిపిస్తే, కొన్ని షరతుల మీద డాక్టరో కౌన్సెలరో వాళ్లకు చెప్పవచ్చు. కానీ చెప్తే ఆమెను కొడతారు, ఇంట్లోంచి తరిమేస్తారు అన్న భయం ఉంటే చెప్పకూడదు. మన ఇళ్లల్లో జరిగేది ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసన్నమాట.

మందు వాడుతున్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. అయినా పేరు బయటపడుతుందేమోనని దరఖాస్తే పెట్టుకోనివాళ్లు ఉన్నారు. వాళ్ల భయం పోవాలంటే ముందు మన నోటికి తాళం పడాలి.

మేము పెట్టుకున్న కట్టుబాట్లు

చరిత్ర రాసి ఊరుకుంటే లాభం లేదు. ఇవి ఈ ఏడు సమాఖ్యలో అనుకున్న మాటలు.

మీటింగుకు రానివాళ్లు "ఆసుపత్రికి పోయినాను" అంటే చాలు. ఏ ఆసుపత్రి, ఏ జబ్బు అని అడగము. జరిమానా లేదు. అప్పు కాగితంలో కారణం దగ్గర "ఆరోగ్యం" అని రాస్తే సరిపోతుంది. ఎవరన్నా తన సంగతి ఒకరికి చెప్పుకుంటే అది ఆ ఒక్కరి దగ్గరే ఆగాలి. లీడరైనా, యానిమేటరైనా అంతే.

గర్భిణికి పరీక్ష చేసే రోజే భర్తకూ చేయించమని అడుగుదాము. ఇద్దరూ ఒకే రోజు తెలుసుకుంటే "ఎవరు తెచ్చినారు" అన్న గొడవకు చోటు తక్కువ. కొడుకు పెళ్లికి ముందు కట్నం లెక్క అడిగే నోటితోనే ఆరోగ్యం గురించీ అడగడం నేర్చుకుందాము. హెచ్ఐవి ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రమాదం మిగతావాళ్లకంటే దాదాపు ఆరు రెట్లు. వాళ్లు పాతికేళ్ల నుంచే ఆ పరీక్ష చేయించుకోవాలి. ఎవరిమీదన్నా అత్యాచారం జరిగితే 72 గంటల్లోపు ఆసుపత్రికి పోతే హెచ్ఐవి రాకుండా మందు ఇస్తారు, ఎంత త్వరగా పోతే అంత మంచిది. ఏ అనుమానం ఉన్నా 1097కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, పేరు చెప్పాల్సిన పని లేదు.

కండోమ్ మాట ఇంట్లో ఎట్లా ఎత్తాలి అన్నది మాత్రం ఏ కట్టుబాటూ చెప్పలేదు. దీని గురించి ఒక మీటింగు మొత్తం మాట్లాడుకున్నాము. ఒకామె చెప్పింది, "గర్భసంచి దగ్గర పుండు ఉంది, కొన్ని నెలలు వాడమని డాక్టరమ్మ చెప్పింది అని అబద్ధం ఆడినాను" అని. అందరం నవ్వినాము. తర్వాత ఒక పెద్దామె అన్నది: "సారా వద్దని చెప్పడానికి అబద్ధం ఆడలేదు కదమ్మా మనం. దీనికెందుకు ఆడాల?"

ఆ ప్రశ్నకు మా దగ్గర ఇంకా జవాబు లేదు. దూబగుంటలో ఆడవాళ్లు అంగడి ముందు కూర్చున్నారు. ఇది పడకగదిలోని సంగతి, అక్కడ ప్రతి మనిషీ ఒంటరే. కానీ ఒంటరిగా అడగాల్సిన మాటను ముందు పదిమందిలో ఒకసారి పలికి చూసుకుంటే, ఇంట్లో నోరు పెగులుతుంది. మొదటి నెల పది రూపాయలు పొదుపు కట్టేటప్పుడు కూడా మనకు చెయ్యి వణికింది, గుర్తుందా?

పులిరాజా భార్యను ఎవరూ అడగలేదు. వచ్చే నెల మీటింగులో ఒకరినొకరు అడుగుదాము. ఎవరూ చెప్పకపోయినా పర్వాలేదు, అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చాలు.